ఈరన్న దారిలో పిలుపు నిషేధం

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయిన తర్వాత, ఆడవాళ్ళ చదువుల బడిలో. ఒత్తులు ఇప్పటికీ నాకు పూర్తిగా లొంగలేదు. నేను ఒక పేజీ రాసేలోపు మా కోడలు వంట చేసి, అందరికీ పెట్టి, అంట్లు కూడా తోమేస్తుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఇంత నిదానంగా రాసేదానికి అబద్ధాలు రాసే ఓపిక ఉండదు. ఆ ఒక్కటీ నమ్మొచ్చు.

మాది నల్లమల అంచున రేగుమానుపల్లె. అడవి లోపల జాలకోనలో ఈరన్న సామి ఉన్నాడు. శివరాత్రికి ముందు మా చుట్టుపక్కల పల్లెలవాళ్ళం కొందరం సద్దిమూటలు కట్టుకుని, వాగు పక్కన పడుకుంటూ, కొన్ని రోజులు నడిచి ఆయన దగ్గరికి పోతాం. పెద్ద క్షేత్రానికి పోయే దారి వేరే ఉంది. అక్కడ దారి పొడుగునా పందిళ్ళు, మజ్జిగ కుండలు, మైకులు, కాళ్ళు పిసికేవాళ్ళు ఉంటారు. మా దారిలో అవేమీ ఉండవు. అందుకని మా దారికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మేము కూడా ఎవరినీ రమ్మనలేదు.

ఈ దారికి ఒక పద్ధతి ఉంది. కాలిబాట ఒక మనిషి వెడల్పే ఉంటుంది. రెండు పక్కలా బోదగడ్డి తలదాకా పెరిగి ఉంటుంది. తెల్లారి మంచు పడిందంటే ముందు మనిషి వీపు కనపడదు. అందుకని వరసలో చివర నడిచే మనిషి ఉండుండి "ఓ... ఈరన్నా" అని పిలుస్తాడు. ఆ పిలుపును ముందున్న మనిషి అందుకుని ఇంకా ముందుకు అందిస్తాడు. అట్లా అది మొదటి మనిషి దాకా పోతుంది. మొదటి మనిషి "ఉన్నా" అంటాడు. ఆ మాట మళ్ళీ ఒక్కొక్కరి నోటిమీదుగా వెనక్కి వస్తుంది. జవాబు రాకపోతే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. వచ్చేదాకా అడుగు వెయ్యకూడదు. దీనివల్ల మనుషులు తప్పిపోరు. ఎలుగుబంట్లు కూడా మేము వస్తున్నామని తెలిసి పక్కకు తప్పుకుంటాయి.

మా తోటికోడలు సాలమ్మక్కకు ఈ పిలుపే చూపు. కళ్ళు మసకబారుతున్న రోజుల్లో ఆమె ఈరన్నకు మొక్కుకుంది. కళ్ళు ఇమ్మని అడగలేదు. "కండ్లు పోతే పోనీ సామీ, కాళ్ళు ఉండనీ. మూడు శివరాత్రులు నా కాళ్ళ మీద నేనే నడిచొచ్చి నీ గంట కొడతా" అంది. రెండేళ్ళు నడిచింది. రెండో ఏటికి చూపు మొత్తం పోయింది. అయినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పట్టుకుంటే మొక్కు చెల్లదంటుంది. ముందు నుంచి ఒక గొంతు, వెనక నుంచి ఒక గొంతు, ఆ రెండింటి నడుమ దారానికి గుచ్చిన పూస మాదిరి నడుస్తుంది. మిగిలింది ఈ ఒక్క ఏడాదే. ఆమె మోకాళ్ళు చూసిన డాక్టరు, వచ్చే ఏటి సంగతి నన్నడగొద్దు అన్నాడు.

అట్లాంటప్పుడు పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. మాతో పాటు మొదటి వాగుదాకా నడిచాడు. కాళ్ళు బొబ్బలెక్కి వెనక్కి పోయాడు. పోయి, పెద్ద క్షేత్రం దారి అంతా రద్దీ అయిపోయిందనీ, అసలైన యాత్ర జాలకోన దారిలోనే ఉందనీ, ఇక్కడి నిశ్శబ్దం మనసును ఉతికి ఆరేస్తుందనీ ఎక్కడో రాశాడు. ఆ తర్వాతి వారం నుంచి మా ఊళ్ళోకి కార్లు రావడం మొదలైంది.

ఒకామె దిగి, "పెద్దమ్మా, నిశ్శబ్దం ఎక్కడినుంచి మొదలవుతుంది?" అని నన్ను అడిగింది.

పక్కన మద్దిలేటి మేకలు తోలుకుని పోతున్నాడు. వరసకు నాకు మరిది. మా నడకలో మొదటి మనిషి అతనే.

"ఆ కారు ఆపితే ఈడే మొదలైతాది మేడమ్" అన్నాడు.

ఆమె అది రాసుకుంది.

సంక్రాంతి పోయేసరికి సర్కారు మేలుకుంది. 'ప్రశాంత పాదయాత్రా మార్గ సంరక్షణ మండలి' అని ఒకటి పుట్టింది. దానికి చిదంబరరావు గారు అనే ఆయన ముఖ్య ప్రశాంతతాధికారిగా వచ్చాడు. మండలి ప్రారంభోత్సవం మా బడి ముందర జరిగింది. డప్పులు, టపాకాయలు, స్తంభానికి రెండేసి మైకులు. చిదంబరరావు గారు నిశ్శబ్దం గొప్పదనం గురించి మాట్లాడుతుంటే పొరుగూరికి కూడా వినపడిందట.

"సోదర సోదరీమణులారా, శబ్దం అనేది ఆధునిక మానవుడి ప్రథమ శత్రువు. ఈ మార్గమందు గల అపురూప ప్రశాంతతను గుర్తించి, పరిరక్షించి, ప్రోత్సహించి, విస్తరింపజేయుటయే మా మండలి యొక్క ధ్యేయం" అన్నాడు.

ఒక మైకు కూయడం మొదలుపెట్టింది. దాన్ని దించేదాకా ఆయన గొంతు పెంచి చెప్పాడు.

"ఏమంటాండాడు?" అని సాలమ్మక్క అడిగింది.

"గమ్మునుండమంటాండాడు."

"ఆ మాట గమ్మునుండి చెప్పొచ్చు గదా."

తర్వాత అడవి మొదట్లో ఒక గేటు, గేటు పక్కన ఒక బోర్డు వచ్చాయి. చదువు వల్ల నాకు వచ్చిన కష్టం ఇదొక్కటే. ఊళ్ళో ఏ బోర్డు పెట్టినా నేనే చదవాలి. సాలమ్మక్కను వెంటబెట్టుకుని పోయి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను.

"మార్గమందు అరచుట, పిలుచుట, పాడుట, భజన చేయుట నిషేధం."

"పిలుచుట కూడానా?"

"పిలుచుట కూడానే."

"ఇంకా చదువు."

"దగ్గు, తుమ్ము అనివార్యమైనచో మార్గమును విడిచి, కొంత దూరము పక్కకు జరిగి నిర్వర్తించవలెను."

"పక్కకు జరిగితే లోయ గదా మే."

"అది రాయలేదు. దైవ నామస్మరణ మనసులో చేసుకొనవచ్చును. దీనికి మండలి అభ్యంతరపెట్టదు."

సాలమ్మక్క నా వైపు తిరిగింది. "ఓబులమ్మా, నువ్వు మనసులో పిలిస్తే నాకెట్ల వినపడాల?" అంది.

ఆ ప్రశ్న బోర్డులో లేదు కాబట్టి దానికి జవాబు కూడా లేదు. మేము మండలి ఆఫీసుకు పోయాం. బడిలోని ఒక గదినే ఆఫీసు చేశారు. గది బయట పొరుగూరి వెంకటరాముడు కూర్చున్నాడు. మండలిలో క్షేత్ర సహాయకుడిగా చేరాడు. వేలు పెదాల మీద పెట్టుకుని మమ్మల్ని లోపలికి పంపాడు.

చిదంబరరావు గారు మర్యాదస్తుడు. లేచి కుర్చీలు తానే వేశాడు. సాలమ్మక్క సంగతి అంతా విన్నాడు. మొక్కు, మూడో ఏడు, మోకాళ్ళు అన్నీ చెప్పాం.

"మీ భావోద్వేగాన్ని మండలి గౌరవిస్తుందమ్మా. మీరు ఈ మార్గం యొక్క సంప్రదాయ భాగస్వాములు. పిలుపునకు ప్రత్యామ్నాయం లేకుండా మేము నిషేధించలేదు" అని బల్ల కింద నుంచి ఒక కట్ట తీశాడు. జెండాలు.

"చివరి వ్యక్తి జెండా ఎత్తుతాడు. అది చూసి ముందు వ్యక్తి ఎత్తుతాడు. ఆ విధంగా సమాచారం నిశ్శబ్దంగా ప్రవహిస్తుంది."

"ఏం రంగు సామీ?" అని సాలమ్మక్క అడిగింది.

"ఆకుపచ్చ. కళ్ళకు చలువ చేస్తుందమ్మా."

"నాకు కండ్లు కనపడవు గదా సామీ."

చిదంబరరావు గారు నాలుక కరుచుకున్నాడు. వెంటనే వెంకటరాముణ్ణి పిలిచి ఏదో రాయించాడు. సంతకం చేసి, మాకు చదివి వినిపించాడు. దృష్టి లోపము గల యాత్రికులకు ప్రత్యేక పరిగణనతో పెద్ద జెండా మంజూరు చేయడమైనది.

బయటికి వచ్చాక వెంకటరాముడు పెద్ద జెండా తెచ్చి ఇచ్చాడు. సాలమ్మక్క దాన్ని తడిమి చూసి, "గుడ్డ మంచిదే. లోపావడ కుట్టించుకోవచ్చు" అంది.

ఆ తర్వాత దారి పొడుగునా చెట్లకు యంత్రాలు కట్టారు. శబ్దం హద్దు మీరితే అవి కుయ్యిమంటాయి. మొదటి రోజే ఒక నెమలి అరిచింది. యంత్రం కుయ్యిమంది. తన కూత విని తానే మళ్ళీ కుయ్యిమంది. దాన్ని విని పక్క చెట్టు మీదిది అందుకుంది. సాయంత్రం దాకా అడవంతా అదే గోల. పిట్టలు, కోతులు అన్నీ అవతలి కొండకు పోయాయి. పిట్టలు పోవడం వల్ల శబ్ద మూలాలు గణనీయంగా తగ్గినట్టు మండలి నమోదు చేసుకుంది.

మద్దిలేటి మేకల మెడగంటల్లో దూది కుక్కారు. మా చేతికర్రలకు రబ్బరు బిళ్ళలు తొడిగారు. పూసలోళ్ళ సుంకమ్మ గాజులు ఎక్కువ వేసుకుందని గేటు దగ్గర ఆపి, దారం చుట్టి పంపారు. ఇంత చేసినా యంత్రాలు శాంతించలేదు. దర్యాప్తు చేస్తే తేలిందేమంటే, ఈ దారిలో అందరికన్నా ఎక్కువ చప్పుడు చేసేది వాగు. పగలూ రాత్రీ ఆగదు. చెప్పినా వినదు.

వాగుకు నోటీసు ఎవరి పేరున ఇవ్వాలో మండలికి కొన్నాళ్ళు తేలలేదు. చివరికి చిదంబరరావు గారు ఊరివాళ్ళను సమావేశపరిచాడు. గోడకు ఒక పటం తగిలించాడు.

"ప్రశాంతతా దృక్కోణం నుంచి పాత మార్గం అనర్హమైనది. వాగు వెంబడి పోవుచున్నది. పల్లెల గుండా పోవుచున్నది. కనుక మార్గాన్ని బోడిగట్టు మీదకు మార్చడమైనది. అక్కడ నీరు లేదు, నీడ లేదు, నివాసం లేదు. పరిపూర్ణ నిశ్శబ్దం" అన్నాడు.

"తాగేదానికి నీళ్ళు సార్?" అని మద్దిలేటి అడిగాడు.

"సీసాలో తెచ్చుకోవచ్చు. గుటకలు చిన్నవిగా వెయ్యాలి."

నేను పటం దగ్గరికి పోయి చూశాను. గీత బోడిగట్టు మీద పోయి పోయి, జాలకోనకు ముందు కొండ మీద ఆగిపోయింది. సిరా అయిపోయిందేమో అనుకున్నాను.

"సార్, దారి గుడిదాకా పోలేదు" అన్నాను.

"గుడిలో గంట ఉందమ్మా. మేము పూజారి గారితో సంప్రదించాం. గంటకు గుడ్డ చుట్టమన్నాం. ఆయన సహకరించలేదు. కాబట్టి మార్గం ఈ కొండ మీద ముగుస్తుంది. అక్కడ వేదిక కట్టి దుర్భిణి పెడతాం. అందులోంచి గుడి శిఖరం చక్కగా కనపడుతుంది."

"మేము ఈరన్న దగ్గరికి పోయేది లేదా?"

"చూడండమ్మా, గమ్యం అనేది పాతకాలపు ఆలోచన. నేటి యాత్రికుడికి నడకే యాత్ర."

పట్నం నుంచి వచ్చినవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టబోయి, ఆగి, చేతులు గాల్లో ఆడించారు. సాలమ్మక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"నాయనా, పెండ్లికొడుకు పొలిమేరలోనే నిలబడి, నడకే పెండ్లి అంటే, తాళి ఎవరు కట్టాల?" అంది.

చిదంబరరావు గారికి నవ్వు వచ్చింది. నవ్వు కూడా ఆపుకున్నాడు. ఆ మనిషి నిజంగా తన రూళ్ళను తాను పాటించేవాడు. దానిమీద నాకు ఫిర్యాదు లేదు.

శివరాత్రికి అనుమతి కావాలంటే ముందుగా జరిగే నమూనా నడకలో పాల్గొనాలన్నారు. మండలి పరిధిలోని యాత్రికులు ఎవరైనా సరే కొత్త దారిలోనే నడవాలన్నారు. గుడిదాకా పోనివ్వకపోయినా కొండదాకా పోతే అక్కణ్ణుంచి ఎట్లాగో దిగి పోదామని సాలమ్మక్క ఆశ. అందుకని ఒప్పుకున్నాం.

నమూనా నడక నాడు తెల్లారే బయలుదేరాం. ముందు చిదంబరరావు గారు, ఆయన వెనక పట్నం వాళ్ళు, ఆ వెనక సాలమ్మక్క, నేను, మద్దిలేటి. వెంకటరాముడు పక్కన యంత్రం పట్టుకుని నడిచాడు. పిలుపు లేదు కాబట్టి సాలమ్మక్క తన ముందున్న పట్నం ఆమె ముఖానికి పూసుకున్న క్రీము వాసన పట్టుకుని నడిచింది. గాలి అటు తిరిగినప్పుడు ఆగేది, ఇటు తిరిగినప్పుడు కదిలేది. రెండుసార్లు తూలింది. నేను చెయ్యి అందించబోతే, "ముట్టగాకు" అని గుసగుసగా అంది. ఆ గుసగుసకు కూడా వెంకటరాముడు మా వైపు చూశాడు. మొక్కు చెడకుండా, రూలు చెడకుండా ఆమె ఎంతదూరం పోగలదా అని ఆమె అడుగులే చూస్తూ నడిచాను.

బోడిగట్టు ఎక్కేసరికి మంచు దిగింది. జెండాలు కనపడలేదు. ఎవరి జెండా వాళ్ళు ఎత్తి పట్టుకుని నడిచాం. కొంచెం తెరిపిచ్చాక లెక్క చూసుకుంటే చిదంబరరావు గారు లేడు.

పట్నం వాళ్ళు ఆయన ధ్యానంలో ఉన్నాడేమో అనుకున్నారు. కొందరు తాము కూడా కళ్ళు మూసుకున్నారు. వెంకటరాముడు మాత్రం చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇప్పుడెట్ల చిన్నమ్మా?" అని నా చెవిలో అన్నాడు.

"పిలువు."

"అత్యవసరంగా అరవాలంటే ముఖ్య ప్రశాంతతాధికారి రాతపూర్వక అనుమతి కావాల."

"తీసుకో అయితే."

"ఆయనే గదా కనపడనిది."

మద్దిలేటి ఆలోచించాడు. "అంటే ఆయన దొరికితేనే సంతకం పెడతాడు. సంతకం పెడితేనే ఆయన్ను పిలవొచ్చు. అంతేనా?" అన్నాడు.

"అంతే."

"మరి పై ఆఫీసుకు ఫోను చెయ్యి."

"సిగ్నలు లేదు. సిగ్నలు స్తంభం గాలికి ఊగి చప్పుడు చేస్తుందని తీయించినారు."

అందరం నాలుగు దిక్కులా జెండాలు ఊపాం. మంచులో ఆ జెండాలు మాకే కనపడలేదు. కింద ఎక్కడో రాయి దొర్లింది. వెంకటరాముడు అటు తిరిగి చూశాడు. ఈ కాలంలో పిల్లతల్లి ఎలుగుబంట్లు గట్టు మీద తిరుగుతాయని అతనికీ తెలుసు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారనీ, ఉద్యోగం ఇప్పుడిప్పుడే దొరికిందనీ నాతో చెప్పాడు. అతను పిలవలేడు.

సాలమ్మక్క జెండాను చుట్టి చంకలో పెట్టుకుంది.

"బోర్డు చదివింది ఓబులమ్మ. నేను చదవలా" అని, గాలి పీల్చుకుని, "ఓ... ఈరన్నా" అని పిలిచింది.

వెంకటరాముడి చేతిలో యంత్రం కుయ్యిమంది. మద్దిలేటి అందుకున్నాడు. నేను అందుకున్నాను. జవాబు రాలేదు. ఎవరం కదల్లేదు. సాలమ్మక్క మళ్ళీ పిలిచింది. అప్పుడు కింద లోయలోంచి వచ్చింది ఒక కేక. మనిషి గొంతులో అంత చప్పుడు పడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

"ఉన్నా... ఇక్కడున్నా... పోవద్దు... నన్ను వదిలిపెట్టి పోవద్దు..."

"ఎడమ పక్క, కిందికి" అని సాలమ్మక్క చెయ్యి చూపించింది.

మద్దిలేటి దిగిపోయాడు. చిదంబరరావు గారు ఈతపొదలో కూర్చుని, ఒక చెట్టును రెండు చేతులా కావలించుకుని ఉన్నాడట. ఎదురుగా ఎలుగుబంటి ఉంది, కదలొద్దు అన్నాడట.

"అది పుట్ట సార్" అన్నాడు మద్దిలేటి.

"ఇక్కడ పడిన దగ్గర్నుంచీ నన్నే చూస్తోంది."

"పుట్టలు చూడవు సార్. రాండి."

పైకి వచ్చాక ఆయన సాలమ్మక్క రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కళ్ళల్లో నీళ్ళు. నాకు ధైర్యం వచ్చింది. ఇంక పిలుపు మాకు తిరిగి వచ్చినట్టే అనుకున్నాను.

మూడో రోజు ఆఫీసుకు పిలిపించాడు. ముఖానికి, చేతులకు మందు పూసుకుని ఉన్నాడు. మళ్ళీ తానే కుర్చీలు వేశాడు.

"అమ్మా, వ్యక్తిగతంగా నేను మీకు జీవితాంతం రుణపడి ఉంటాను. అధికారికంగా ఒక ఇబ్బంది వచ్చింది. ఆ రోజు యంత్రంలో నమోదైన శబ్దం మార్గం చరిత్రలోనే అత్యధికం."

"ఆ కేక మీదే గదా సార్" అన్నాను.

"నాదే. కానీ నేను విధి నిర్వహణలో ఉన్నాను. నేను స్వతహాగా అరవలేదు. సాలమ్మ గారి అనధికార పిలుపునకు ప్రతిస్పందనగా మాత్రమే అరిచాను. మూల కారణం ఆమె పిలుపు. మండలి కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది. నేను కూడా చెయ్యెత్తక తప్పలేదు."

"చెయ్యెత్తేటప్పుడు మా అక్క గుర్తు రాలేదా సార్?"

"వచ్చింది. అందుకే సగమే ఎత్తాను."

సాలమ్మక్క పేరు, ఆమెకు వంతపాడినందుకు నా పేరు, మద్దిలేటి పేరు మార్గపు యాత్రికుల జాబితా నుంచి శాశ్వతంగా తొలగించడమైనదని చదివి వినిపించాడు. సాలమ్మక్క లేవలేదు. కాళ్ళు ముందుకు చాపి, మోకాళ్ళను రెండు చేతులతో రుద్దుకుంటూ కూర్చుంది. బస్సు తప్పిపోయినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది.

మద్దిలేటి గుమ్మంలో నిలబడి, "సార్, ఒక మాట. ఇంక మేము యాత్రికులం కాదు. అంతేనా?" అన్నాడు.

"దురదృష్టవశాత్తూ కాదు."

"యాత్రికులు కానోళ్ళు వాగు పక్కన నడవొచ్చునా?"

చిదంబరరావు గారు పటం వైపు చూశాడు. పాత దారి ఇప్పుడు అందులో లేదు. దాని స్థానంలో ఎర్రసిరాతో 'శబ్ద కలుషిత ప్రాంతం' అని ఉంది.

"అది మా పరిధి కాదు. యాత్రికులు కానివారు మా పరిధి కాదు. మా పరిధిలో లేనివారు మా పరిధిలో లేనిచోట నడిస్తే..." అని ఆగాడు. కాసేపు వెతికాడు. "దానికి మా దగ్గర నిబంధన ఏదీ లేదు" అన్నాడు.

సాలమ్మక్క మోకాళ్ళు రుద్దుకోవడం ఆపింది. "ఓబులమ్మా, కొర్రబియ్యం నానబెట్టినావా?" అంది.

మరుసటి రోజే బయలుదేరాం. మేము యాత్రికులం కాదని తెలిసి పక్క పల్లెల వాళ్ళు కూడా తమ పేర్లు తీసేయించుకుని వచ్చారు. అంతకు ముందు ఏడాదికన్నా వరస పొడుగైంది. మద్దిలేటి ముందు, సాలమ్మక్క నడుమ, చివర సుంకమ్మ. గాజుల దారం విప్పేసింది. వాగు తన గోల తను చేసుకుంటోంది. సుంకమ్మ పిలిచింది. మద్దిలేటి "ఉన్నా" అన్నాడు. సాలమ్మక్క రాయి వచ్చినచోట రాయి, వేరు వచ్చినచోట వేరు దాటుతూ, ఎవరినీ ముట్టుకోకుండా నడిచింది. మోకాళ్ళు నొప్పి పుడితే కూర్చునేది. ఆమె కూర్చుంటే వరసంతా కూర్చునేది.

పైన బోడిగట్టు మీద పట్నం వాళ్ళు జెండాలు పట్టుకుని పోతూ కనపడ్డారు. ఎండ నిలువునా పడుతోంది. మా పిలుపు వాళ్ళదాకా పోయినట్టుంది. ఒకసారి మద్దిలేటి కన్నా ముందే పైనుంచి ఎవరిదో ఆడగొంతు, "ఉన్నా" అంది. వెంటనే నోరు మూసుకున్నట్టుంది. కాసేపటికి ఇంకొకరు. సాయంత్రం మేము వాగు దగ్గర సంగటి వండుకుంటుంటే, ఆ క్రీము ఆమె బండరాళ్ళ మీదుగా దిగి వచ్చింది. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. వాగులో ముఖం పెట్టి తాగింది. గుటకలు చిన్నవి కావు. మర్నాటికి జెండాలన్నీ గట్టు మీద ఉండిపోయాయి, మనుషులంతా కింద ఉన్నారు.

శివరాత్రి ముందురోజు జాలకోన చేరాం. సాలమ్మక్క గుడి మెట్లు చేత్తో తడుముకుంటూ ఎక్కింది. గంట తాడు వెతుక్కుని పట్టుకుంది. వెంటనే కొట్టలేదు. తాడు పట్టుకుని నిలబడింది.

"మూడోసారి వచ్చినా సామీ. నీ వాకిట్లోకే వచ్చినా" అని, అప్పుడు కొట్టింది. పూజారి చాలనేదాకా కొట్టింది. ఆయన చాలనడానికి తొందరపడలేదు.

తిరుగు ప్రయాణంలో అడవి మొదట్లోకి వచ్చేసరికి బోడిగట్టు దారికి పోయే గేటుకు కొత్త తాళం వేసి ఉంది. బోడిగట్టు మార్గంలో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదనీ, సంపూర్ణ నిశ్శబ్దం సాధించిన మొట్టమొదటి మార్గంగా మండలికి బహుమతి ప్రకటించారనీ మాకు ఎదురొచ్చిన వెంకటరాముడు చెప్పాడు. సాధించింది మళ్ళీ చెడిపోకుండా ఇంకెవరినీ లోపలికి పోనివ్వకూడదని ఉత్తర్వు వచ్చిందట. కాపలాకు ఎవరూ ముందుకు రాలేదు. వెంకటరాముడు కూడా సెలవు పెట్టాడు. చిదంబరరావు గారే గేటు అవతల రేకుల గదిలో ఉంటున్నాడు.

మేము పోయి పలకరించాం. ఆయన చిక్కిపోయాడు. గేటు కమ్మీల సందులోంచి మిగిలిన సంగటి, ఊరుబిండి పచ్చడి అందించాను. నిలబడే తిన్నాడు.

"యాత్ర జరిగిందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"జరిగింది సామీ. గంట కొట్టినా" అంది సాలమ్మక్క.

"వినపడినట్టే అనిపించింది. గాలి ఇటు ఉంది." చెయ్యి కడుక్కుని, అటూ ఇటూ చూశాడు. "అమ్మా, మీరు ఇటు పక్క కట్టెలకు వస్తుంటారు కదా. వచ్చినప్పుడు నన్నొకసారి పిలుస్తూ ఉండండి. ఇక్కడ ఏమీ వినపడదు. పొద్దస్తమానం ఏమీ వినపడదు."

"రూలు ఒప్పుకుంటాదా సార్?" అని మద్దిలేటి అడిగాడు.

"బోర్డుకు అవతల నిలబడి పిలిస్తే మా పరిధిలోకి రాదు."

మేము బోర్డు అవతలికి పోయి నిలబడ్డాం. సాలమ్మక్క చీర సర్దుకుని, "ఓ... ఈరన్నా" అని పిలిచింది. ఎదురుచూశాం. గేటు వెనక చిదంబరరావు గారి పెదాలు కదిలాయి.

"ఏమన్నాడు?" అని సాలమ్మక్క నన్ను అడిగింది.

"ఉన్నా అన్నాడక్కా. గుసగుసగా."

"నాకు వినపళ్ళా. జవాబు రాకుంటే కదలగూడదు" అని ఆమె అక్కడే దారిలో చతికిలబడింది. మద్దిలేటి కూర్చున్నాడు. సుంకమ్మ మూట దించుకుని కూర్చుంది. వరసంతా కూర్చుంది.

చిదంబరరావు గారు మా వైపు చూశాడు. చెట్టు మీది యంత్రం వైపు చూశాడు. ఎండ బాగా ఎక్కింది. మాకు తొందరేమీ లేదు. ఆయన కమ్మీలు రెండు చేతులా పట్టుకుని, మెడ నరాలు పొంగేలా అరిచాడు.

"ఉన్నా."

యంత్రం కుయ్యిమంది. సాలమ్మక్క లేచి చీర దులుపుకుని, ఇంటి దారి పట్టింది.

రాసింది గజ్జెల ఓబులమ్మ. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఆత్మకూరులో చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను.